కారుట యొకచోట, కారణ మొకచోట

కోరుట్లనుండి వేములవాడకు పోవు మార్గమున రుద్రంగి యను ఊరు కలదు. పూర్వము ఈ మూడును కరీంనగరు జిల్లాలోనివే. 2016వ సంవత్సరము అక్టోబరు నెలలో జిల్లాలను విభజించినప్పుడు కోరుట్ల జగిత్యాల జిల్లాలోను, రుద్రంగియు వేములవాడయు రాజన్న సిరిసిల్ల జిల్లాలోను చేరినవి. వేములవాడ రాజరాజేశ్వరస్వామిని దర్శింపబోవు కోరుట్ల ప్రాంతపు యాత్రికుల బండ్లు ఈ దారినే సాగిపోవును. ఇట్టి దారిప్రక్కనుండు ఊళ్లలో మోటారు బండ్లను బాగుచేయు షెడ్డు ఒకటైనను ఉండక మానదు. నాలుగు రాటలు, పైన రేకులు, నూనెతో నల్లబడిన నేల, మూలను పడియున్న పాత టైర్లు - ఇంతియే దాని వైభవము. కాని అందు జరుగు విచారణ ఒక్కొక్కప్పుడు న్యాయస్థానములో జరుగు విచారణకు తీసిపోదు. నేరము కంటికి కనబడుచుండును. నేరస్థుడు మాత్రము మరియొకచోట దాగియుండును. పాత బండి కార్బొరేటరునుండి పెట్రోలు కారుట అట్టి వ్యవహారమే. దీనిని తెలిసికొనుటకు ఒక యుదాహరణము చాలును.

వేసవిలో నొకనాటి మధ్యాహ్నము రుద్రంగిలోని అట్టి షెడ్డు ముందర ఒక పాత పెట్రోలు జీపు వచ్చి ఆగినదనుకొనుడు. ఈ జాతి జీపులకు మన దేశమున పెద్ద చరిత్రయే కలదు. 1940వ దశకము చివర మహీంద్రా సంస్థవారు అమెరికాలోని విల్లీసు కంపెనీ జీపుల భాగములను తెప్పించి బొంబాయిలో కూర్చి అమ్మసాగిరి. 1952 అక్టోబరు 2వ తేదీన సమాజాభివృద్ధి పథకము ఆరంభమైన పిదప, 1959లో ఆంధ్రప్రదేశమున పంచాయతీ సమితులు ఏర్పడిన పిదప, బ్లాకు అధికారులు పల్లెలు తిరిగినది ఇట్టి జీపులలోనే. కాలము చెల్లిన జీపులు వేలములో అమ్ముడుపోయి రైతుల యిండ్లకు చేరినవి. చాలవాటికి పిమ్మట డీసిలు ఇంజనులు అమర్చిరి. తొలినాటి పెట్రోలు ఇంజనుతోనే నడచుచున్నవి మిగుల కొలది.

జీపు యజమాని వృద్ధుడైన రైతు. తండ్రినాటి బండి యని దానిపై ఆయనకు ప్రాణము. పదిదినముల క్రిందటనే దానికి నఖశిఖపర్యంతము కొత్తరంగు వేయించెను. మరునాడు తెల్లవారుజామున మనుమలతో సహా ఇంటిల్లిపాదిని ఎక్కించుకొని వేములవాడకు పోవలెనని సంకల్పము. అంతలో కార్బొరేటరునుండి పెట్రోలు బొట్లుబొట్లుగా కారసాగెను. కోరుట్లలో నెవరో పేచ్‌కస్ పిడితో కార్బొరేటరును రెండుమారులు కొట్టగా కారుట ఆగినది. ఊరు చేరులోపల మరల మొదలైనది.

“అన్నా, కార్బొరేటరు చెడిపోయినది. ఎంతయైనను కానిమ్ము, కొత్తది వేయుము” అని రైతు షెడ్డు పెద్దతో అనెను. ఈ పెద్దను పని నేర్చుకొను కుర్రవాడు “ఉస్తాద్” అని పిలుచును. ఉస్తాదు వెంటనే సమాధానము చెప్పలేదు. ముందుగా ఇంజను ఆపించి, బ్యాటరీ తీగను ఊడదీయించి, జీపును షెడ్డు బయటకు నెట్టించెను. ఎదుటి అరుగుమీద బీడీ కాల్చుచున్న యిద్దరిని దూరముగా పొమ్మని చెప్పెను. కుర్రవానిచేత ఒక బకెట్టుతో ఇసుక తెప్పించి దగ్గర నుంచుకొనెను.

ఇది అతి జాగ్రత్త కాదు. సున్నకు దిగువ నలుబది డిగ్రీల చలిలో సైతము పెట్రోలునుండి మంట నందుకొనదగినంత ఆవిరి వెడలుచుండును. ఇక మే నెలలో నలుబదియైదు డిగ్రీల వేడి చూచు ఈ ప్రాంతమున చెప్పవలసినదేమి? గాలిలో నూటికి ఒకటిన్నర పాలు పెట్రోలు ఆవిరి యున్నను ఒక్క నిప్పురవ్వతో భగ్గున మండును. ఆ ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువైనది. పొగవలె పైకి పోక, నీటివలె నేలబారున ప్రాకి పల్లమున నిలుచును. కావున పది అడుగుల దూరమున బీడీ కాల్చువాడు తనకు అపాయము లేదనుకొనుట పొరపాటు. బీడీలు చుట్టుట ఎన్నో యిండ్లకు జీవనాధారమైన ఈ ప్రాంతమున ఈ మాట మరల మరల చెప్పదగినది. పెట్రోలు మంటపై నీరు పోయుటయు తగదు. పెట్రోలు నీటికంటె తేలిక. నీటిపై తేలుచు, మండుచు, మరింత దూరము వ్యాపించును. ఇసుకయే మేలు.

ఇంతకును కార్బొరేటరు చేయు పని యేమి? పెట్రోలు తానుగా ఇంజనులో మండజాలదు. గాలితో తగుపాళ్లలో కలియవలెను. ఒక లీటరు పెట్రోలు సరిగా మండుటకు సుమారు తొమ్మిదివేల లీటర్ల గాలి కావలెను. కార్బొరేటరు నడుమ ఒక గొట్టము కలదు. అది ఒకచోట సన్నని నడుమువలె ఇరుకైయుండును. ఇంజను పీల్చు గాలి ఆ యిరుకులో వేగముగా పోవును. వేగము హెచ్చినచోట గాలి పీడనము తగ్గునని స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు డానియేల్ బెర్నూలీ 1738లో ప్రకటించిన గ్రంథమున తెలియజేసిన సూత్రము ఇచ్చట పనికివచ్చుచున్నది. పీడనము తగ్గిన ఆ చోట సన్నని నాళము ముఖము తెరచియుండును. ఆ నాళము ద్వారా పెట్రోలు చిమ్ముకొని వచ్చి తుంపరలై గాలిలో కలియును.

నాళములోని పెట్రోలు మట్టము దాని ముఖమునకు కొంచెము దిగువనే నిలిచియుండవలెను. గాలి పీల్చినప్పుడే పెట్రోలు రావలెను, పీల్చనప్పుడు రారాదు. మట్టము కొన్ని మిల్లీమీటర్లు పెరిగినను పెట్రోలు తనంతట పొంగి కారును. ఈ మట్టమును కాపాడుటకు ప్రక్కన ఒక చిన్న తొట్టి, అందులో తేలుచుండు ఒక బుడ్డి, ఆ బుడ్డి నానుకొని మొన తేలిన ఒక చిన్న కడ్డీ ఉండును. షెడ్డులో బుడ్డిని ఫ్లోటనియు, కడ్డీని నీడిలనియు అందురు. తొట్టిలో పెట్రోలు పెరిగినకొలది ఫ్లోటు పైకి లేచి, నీడిలును రంధ్రములోనికి నొక్కి దారిని మూయును. తగ్గినప్పుడు దిగి తెరచును. ఇంటిమీది నీళ్లట్యాంకిలో బంతి తేలి నల్లాను కట్టివేయుట చూచినవారికి ఇది కొత్త కాదు.

ఈ యేర్పాటు ఒక్కనాట పుట్టినది కాదు. కార్లు బెంజు 1886లో మోటారు బండికి పేటెంటు పొందినప్పుడు పెట్రోలువంటి ద్రవము తొట్టిలో ఆవిరియగుచుండగా ఆ ఆవిరినే ఇంజను పీల్చుచుండెను. 1888లో ఆయన భార్య బెర్తా బెంజు ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని మాన్‌హైమునుండి ఫోర్ట్‌జైమునకు వంద కిలోమీటర్లకు పైబడిన ప్రయాణము చేసెను. దారిలో ఇంధనపు గొట్టము పూడుకొనిపోగా, ఆమె తన టోపీకి గ్రుచ్చుకొను సూదితో దానిని శుభ్రపరచి బండిని సాగించెను. మోటారు బండి చరిత్రలో ఇంధనపు దారికి జరిగిన మొదటి వైద్యములలో ఇది యొకటి. పిదప 1893లో జర్మనీదేశీయుడు విల్హెల్మ్ మైబాకు తేలుబుడ్డితోను చిమ్ము నాళముతోను కూడిన కార్బొరేటరును నిర్మించెను. ఆ సంవత్సరమే హంగరీలో దొనాత్ బాంకి, యానోష్ చొంకా అను ఇద్దరు ఇట్టి కార్బొరేటరుకే పేటెంటు పొందిరి.

ఉస్తాదు మొదట చేసిన పని కార్బొరేటరును విప్పుట కాదు. దానిని తుడిచి పొడిగా చేయుట. అంతయు తడిసియున్నప్పుడు తడి యెచ్చట పుట్టినదో తెలియదు. పెట్రోలు సందులవెంట ప్రాకి, అన్నిటికంటె పల్లపు మూలనుండి బొట్టుగా జారును. బొట్టు జారిన చోటు చూచి అచ్చటనే చిల్లి యున్నదనుకొనువాడు మోసపోవును. అందుచే అతడు గుడ్డతో తుడిచి, దానిపై బడిలో వాడు సుద్దను పొడిచేసి చల్లించెను. తడి తగిలినచోట తెల్లని పొడి ముదురు రంగునకు తిరుగును. కుర్రవాడు తల వంచి కనిపెట్టుచుండెను. గొట్టము బిగించిన చోట పొడి తెల్లగనే యున్నది. మూతక్రింది అట్ట ప్యాకింగు చుట్టును తెల్లగనే యున్నది. అడుగు మరకు వేసిన రాగి వాషరు వద్దను మార్పు లేదు. కొంతసేపటికి, తొట్టిపై గాలి యాడుటకై యుంచిన చిన్న రంధ్రమునుండి పెట్రోలు ఊరి క్రిందికి జారెను. చిల్లి యెచ్చటను లేదు. తొట్టి నిండి పొంగుచున్నది.

బొట్లను ఒక సీసాలో పట్టించి చూడగా పది నిమిషములలో పది మిల్లీలీటర్లు నిండెను. ఇదేమంతయని రైతు తేలికగా తలచెను. గంటకు అరువది, దినమునకు 1,440 మిల్లీలీటర్లు, అనగా సుమారు లీటరున్నర. ధర సంగతి యట్లుంచి, వేడి ఇంజనుమీద లీటరున్నర పెట్రోలు జారుచుండగా మనుమలను ఎక్కించుకొని పోవుట యెట్టిదో లెక్క వినినపిదప ఆయనకే తోచినది.

తొట్టి పొంగుటకు నీడిలు సరిగా మూయకపోవుటయైనను, ఫ్లోటు తేలకపోవుటయైనను, త్రోపు మించుటయైనను కారణము కావలెను. ఉస్తాదు మూత విప్పి, తొట్టి అడుగున పేరుకొన్నదానిని తెల్లని గుడ్డమీదికి వంచెను. దీనిని షెడ్డులో కచరా యందురు. చెత్తయని పారవేయక చదువ నేర్చినవానికి ఇది మంచి సాక్ష్యము. ఎఱ్ఱని పొడియైనచో ఇనుప ట్యాంకిలోని తుప్పు. తెల్లని బూడిదవంటిదైనచో పెట్రోలులో నీరు చేరి, జస్తము కలిసిన కార్బొరేటరు లోహమునే తినుచున్నదని గుర్తు. నల్లని నలుసులైనచో రబ్బరు గొట్టము లోపల చివికినది. ఈ జీపులో దొరకినది ఎఱ్ఱని పొడి. అందులో ఇసుకరేణువంత తుప్పుపలుకు నీడిలు మొనను అంటుకొనియుండెను. కోరుట్లలో పిడితో కొట్టగా కారుట ఆగిన రహస్యమిదియే. అదరుపాటుచే పలుకు ప్రక్కకు తొలగినది, నీడిలు మూసికొన్నది. మరియొక పలుకు వచ్చినది, మరల తెరచుకొన్నది. కొట్టుట రోగమును చెప్పగలదు గాని నయము చేయజాలదు.

నీడిలు మొనను వ్రేలితో తడవగా చుట్టును సన్నని గాడి తగిలినది. ఏండ్లతరబడి ఒకేచోట ఒరసికొనుటచే పడిన అరుగుదల యది. దానిని మార్చవలసినదే.

ఇక ఫ్లోటు. ఇది పలుచని ఇత్తడిరేకుతో చేసిన బోలుబుడ్డి. చెవిదగ్గర ఆడించినప్పుడు లోపల పెట్రోలు కదలు చప్పుడైనచో దానికి చిల్లి పడినట్లే. చప్పుడు లేకున్నను పరీక్ష యింకొకటి కలదు. పొయ్యికి దూరముగా తెచ్చియుంచిన వేడినీటిలో ముంచినప్పుడు లోపలి గాలి వ్యాకోచించి, సూదిమొనయంత చిల్లి యున్నను బుడగలు వెడలును. ఈ ఫ్లోటునుండి బుడగలు రాలేదు. వచ్చియున్నచో టంకము వేయవచ్చును. కాని లోని పెట్రోలు బొట్టైనను మిగులకుండ పోగొట్టక వేడి చూపినచో అది చేతిలోనే ప్రేలును. మరియొక మెలకువయు కలదు. టంకము ముద్దగా వేసినచో ఫ్లోటు బరువెక్కి, మునుపటికంటె లోతుగా మునుగును. అప్పుడు తొట్టిలో పెట్రోలు మట్టము హెచ్చినగాని నీడిలు మూసికొనదు. చిల్లి పూడినది గాని కారుట ఆగలేదని వాపోవువారు ఈ బరువును మరచినవారే.

కొత్త నీడిలు వేసి, తొట్టి కడిగి, జెట్టులను గాలితో ఊది, మరల బిగించిరి. ఇంజను నడిపించి చూడగా చుక్కయైనను రాలేదు. రైతు ఇంటికి పోయి భోజనము చేసి వచ్చెదనని వెడలెను. జీపు ఆరుబయట ఎండలో నిలిచెను. గంట గడచిన పిదప ఆయన తిరిగివచ్చి చూచుసరికి కార్బొరేటరు క్రింద నేల మరల తడిసియుండెను.

ఆయనకు కోపము వచ్చినది. “అందుకే కొత్తది వేయుమంటిని” అనెను. కుర్రవాడును ఉస్తాదు మొగమువంక చూచి, “ఉస్తాద్, కార్బొరేటరే మార్చుదమా?” అని మెల్లగా అడిగెను.

“మార్చవచ్చును బిడ్డా. అది కూడ కారినచో అప్పుడేమి మార్చెదవు?” అని ఉస్తాదు జీపు చుట్టును ఒకమారు తిరిగెను.

ఇంజను అప్పుడే ఆపిన బండిలో కొంచెము పెట్రోలు పొంగుట వింత కాదు. పెట్రోలులోని తేలిక భాగములు ముప్పదియైదు, నలుబది డిగ్రీల వేడికే మరుగుట కారంభించును. ఇంజను ఆగినపిదప దాని వేడి కార్బొరేటరునకెక్కి తొట్టిలోని పెట్రోలు బుసబుస పొంగుట వేసవిలో పరిపాటి. కాని అది పది పదిహేను నిమిషముల ముచ్చట. తొట్టిలో నున్నది పోగానే ఆగును. ఇచ్చట ఇంజను ఆగి గంటయైనది, ముట్టుకొనదగినంత చల్లారినది. కారుట మాత్రము సాగుచునే యున్నది.

స్కూటరైనచో ఇందులో ఆశ్చర్యము లేదు. స్కూటరు ట్యాంకి కార్బొరేటరుకంటె ఎత్తున నుండును. నీడిలు మూయనిచో పెట్రోలు తన బరువుచేతనే రాత్రియంతయు దిగి ట్యాంకి ఖాళీయగును. బండి నిలిపినప్పుడు పెట్రోలు నల్లా కట్టవలెనని పెద్దలు చెప్పుట అందులకే. జీపు నిర్మాణము వేరు. దాని ట్యాంకి డ్రైవరు కూర్చుండు సీటు క్రింద నున్నది. కార్బొరేటరు అంతకంటె అర మీటరు ఎత్తున ఇంజనుపై నున్నది. పల్లముననున్న పెట్రోలును మిట్టకెక్కించునది ఇంజనుతో ఆడు పంపు. ఇంజను ఆగినది, పంపు ఆగినది. అట్లయిన పెట్రోలును పైకి త్రోయుచున్న దెవరు?

ఉస్తాదు రైతునడిగిన ప్రశ్న కార్బొరేటరును గూర్చినది కాదు. “పటేలా, ఈ నడుమ బండి దూరము పోయినప్పుడు దగ్గి దగ్గి ఆగుచున్నదా?”

రైతు ఆశ్చర్యపడెను. “అవును. రెండుమారులు దారిలో ఆగినది. కొంతసేపు నిలిపినపిదప మరల నడిచినది. పెట్రోలు చాలక యేమోనని మూత తీసి చూచుచుంటిని.”

ఉస్తాదు సీటు ఎత్తి ట్యాంకి మూతను మెల్లమెల్లగా త్రిప్పెను. లోపలినుండి గాలి బుస్సుమని వెడలెను. కార్బొరేటరువద్ద కావలియున్న కుర్రవాడు, “ఆగినది ఉస్తాద్!” అని కేకవేసెను.

ట్యాంకి మూతకు చిన్న రంధ్రము ఒకటి యుండును. పెట్రోలు ఖర్చయినకొలది బయటి గాలి దానిద్వారా లోనికి పోవలెను. ఎండకు లోపలి గాలియు ఆవిరియు పెరిగినప్పుడు వెలికి రావలెను. కొత్తరంగు వేసినవాడు మూతపైనను దట్టముగా రంగు పులిమెను, రంధ్రము మూసికొనిపోయినది. అప్పటినుండి జీపునకు రెండు వ్యాధులు పట్టినవి. అవి ఒకదానికొకటి విరుద్ధములుగా కనబడును గాని రెంటికిని మూలమొక్కటే. బండి పరుగెత్తునప్పుడు పెట్రోలు తగ్గినను గాలి లోనికి పోజాలక ట్యాంకిలో పీడనము పడిపోవును. పంపు ఎంత లాగినను పెట్రోలు రాక ఇంజను దగ్గును. బండి ఎండలో నిలిచినప్పుడు లోపలి పీడనము పెరిగి, ఆగియున్న పంపు కవాటములను త్రోసికొని పెట్రోలు పైకెక్కును. పంపు కవాటములు ముందునకు తెరచుకొనునవియే గనుక ఈ త్రోపునకు అడ్డు చెప్పవు.

ఇందుకు గొప్ప బలమేమియు అక్కరలేదు. పెట్రోలును అర మీటరు ఎత్తున కెక్కించుటకు వాయుమండల పీడనములో నూటికి నాలుగు పాళ్ల హెచ్చు చాలును. మూసియున్న పాత్రలోని గాలి ముప్పది డిగ్రీలనుండి నలుబదియైదు డిగ్రీలకు వేడెక్కినప్పుడు దాని పీడనము నూటికి అయిదు పాళ్లు పెరుగును. పెట్రోలు ఆవిరి పీడనము అంతకు ఎన్నోరెట్లు అధికముగా తోడగును. పంపు త్రోపునకు తాళునట్లు చేసిన నీడిలు ఈ అదనపు త్రోపునకు లొంగుట దాని దోషము కాదు. రైతు కోరినట్లు కొత్త కార్బొరేటరే వేసియున్నచో, అదియు ఆ సాయంకాలమే కారియుండును.

కుర్రవాడు సన్నని తీగతో రంధ్రములోని రంగును గీకి తీసెను. అటు నోటితో ఊదగా ఇటు అరచేతికి గాలి తగిలినది. మూత పని దానితో ముగిసినది. అయితే తుప్పు సంగతి మిగిలియున్నది. పెట్రోలును పూర్తిగా వంచి, ట్యాంకిని రెండుమూడు మారులు పెట్రోలుతోనే కదిపి కడిగి, పంపునకు ముందు ఒక కొత్త ఫిల్టరు అమర్చిరి. ట్యాంకి అడుగున ఎక్కడైన చిల్లి కనబడినచో వెల్డింగు చేయించెదనని రైతు అనగా ఉస్తాదు వలదనెను. ఖాళీ ట్యాంకి నిండు ట్యాంకికంటె ప్రమాదకరము. అందు మిగిలిన ఆవిరి గాలితో కలిసి మంట సోకగానే ప్రేలును. ట్యాంకి చెమ్మగిల్లినచోట తడిసబ్బు అదుముట పల్లెలలో చాల కాలముగా ఉన్న ఉపాయము. సబ్బు పెట్రోలులో కరగదు గనుక కొంతదూరము పోవుటకు అది పనికివచ్చును. అది ఇల్లు చేరువరకే సుమా. ఏండ్లకొలది సబ్బుముద్దతో తిరుగు బండ్లును కలవు.

పాత బండ్లవారు గమనింపవలసిన కొత్త సంగతి యొకటి కలదు. పెట్రోలులో ఇథనాలు కలుపుట మన దేశమున 2022 జూను నాటికి నూటికి పది పాళ్లకును, 2025 నాటికి ఇరువది పాళ్లకును చేరినది. చెఱకునుండియు ధాన్యమునుండియు తీయు ఈ ఇథనాలు నీటిని ఆకర్షించు గుణము గలది. పాతకాలపు రబ్బరు గొట్టములును వాషరులును కొన్ని దీనివలన ఉబ్బి మెత్తబడును. కొన్ని పురాతన కార్బొరేటరులలో ఫ్లోటును బెండుతో చేసి లక్కపూత పూసెడివారు. పెట్రోలులో కరగని ఆ లక్క ఇథనాలులో కరగును. పూత పోయిన బెండు ఇంధనమును పీల్చి మునుగును. అరువదేండ్ల క్రిందట వానిని చేసినవారి తప్పు ఇందేమియు లేదు. 2020 ఏప్రిలునుండి భారత్ స్టేజి 6 నియమములు వచ్చినపిదప కొత్త స్కూటరులును మోటారు సైకిళ్లును దాదాపుగా కార్బొరేటరును వదలి, లెక్కగట్టి ఇంధనము చిమ్ము యంత్రములకు మారినవి. కార్లలో ఈ మార్పు అంతకు చాల ముందే జరిగినది. కావున పాత కార్బొరేటరులకు భాగములు దొరకుట నానాటికి కష్టమగుచున్నది. ఉన్నదానిని తొందరపడి పారవేయుట నష్టమే.

పనియంతయు ముగిసినదని రైతు తాళముచెవి చేతబట్టి జీపెక్కబోయెను. ఉస్తాదు ఆయనను వారించి, ఇంజనుప్రక్కనుండు నూనెకొలత కడ్డీని లాగి చూపెను. నూనె గీతకంటె రెండు వ్రేళ్లు పైకి వచ్చియున్నది. పది దినములలో నూనె ఎవరును పోయలేదు. వాసన చూడగా పెట్రోలు కంపు కొట్టినది. తొట్టి పొంగినప్పుడు పెట్రోలు కొంత బయటికి జారినను, కొంత నాళముగుండ ఇంజనులోనికి దిగి, పిస్టనుల ప్రక్కనుండి జారి నూనెలో కలిసినది. బయట కారినది కంటికి కనబడును, ముక్కునకు తెలియును. లోపల కారినది ఎవరికిని తెలియదు. పెట్రోలు కలిసిన నూనె పలుచనై జారుడు గుణమును కోల్పోవును. ఆ నూనెతో వేములవాడవరకు పోయివచ్చినచో కారని కార్బొరేటరుతోనే బేరింగులు అరిగిపోయి ఇంజను కట్టుబడియుండును. అప్పుడగు ఖర్చుతో పోల్చినచో నీడిలు ధర లెక్కలోనిది కాదు.

పాత నూనెను తొట్టిలోనికి వంచిరి. అది నీళ్లవలె పలుచగా ధారకట్టెను. కొత్త నూనె పోసి, గీతవద్ద నిలిచినదని రైతుచేతనే చూపించుకొనిరి. జీపును మరల ఎండలోనికి నెట్టి, కార్బొరేటరును తుడిచి, చుట్టును సుద్దపొడి చల్లి కుర్రవానిని కావలి యుంచిరి. వంచిన పెట్రోలును మురుగుకాలువలో పోయక, మూతగల డబ్బాలో పోసి నీడకు చేర్చిరి. పొద్దు వాలువరకు జీపు కదలలేదు, సుద్ద తడియనులేదు. తెల్లవారుజామున బయలుదేరునప్పుడు మరల ఒకమారు చూడవలెనని చెప్పి ఉస్తాదు ఆ పొడిని తుడువక అట్లే యుంచెను.